పై అధికారికి వీపు చూపిన కారు

గుడిసేవ లోహిత గెలిచిన మొట్టమొదటి రేసుకు ఆమెకు కప్పు ఇవ్వలేదు. షోకాజ్ మెమో ఇచ్చారు.

"నిన్నటి దినము జరిగిన రేసునందు మీరు, మీకంటే సీనియర్లగు ఆరుగురు డ్రైవర్లను వారి అనుమతి లేకుండా దాటిపోయి, గమ్యస్థానము చేరు పర్యంతము వారికి మీ వాహనము యొక్క వీపు భాగమును చూపియున్నారు. ఇది సంస్థ ప్రవర్తనా నియమావళికి విరుద్ధము. మీపై క్రమశిక్షణ చర్య ఏల తీసుకొనరాదో వారము దినములలోగా సంజాయిషీ ఇచ్చుకొనవలెను."

లోహిత ఆ మెమోను రెండుసార్లు చదివింది. ఆ తర్వాత షెడ్డులోకి వెళ్లి కారు చుట్టూ తిరిగి దాని వీపు ఎలా ఉందో చూసింది. ఆమెకు తప్పేమీ కనబడలేదు. ఇంకాస్త తుడిచి ఉండాల్సింది, అంతే.

ఆ సంస్థ పేరు రాష్ట్ర వేగ క్రీడల అభివృద్ధి సంస్థ. మంత్రిగారొకరు విదేశాలకు వెళ్లి కార్ల రేసు చూసి, మనకెందుకు లేదు ఇలాంటిది అని అడిగిన పాపానికి అది పుట్టింది. బెజవాడకు గంట దూరంలో నాలుగంతస్తుల భవనం కట్టారు. మేనేజింగ్ డైరెక్టరును వేశారు. లెక్కల విభాగం, స్థాపన విభాగం, తపాలా విభాగం అన్నీ వచ్చాయి. భవనం వెనక మిగిలిన స్థలంలో రేసు ట్రాక్ కూడా వేశారు. అన్నీ అయ్యాక కార్లు నడిపేవాళ్లు లేరని ఎవరో గమనించారు. అప్పుడు రకరకాల శాఖల్లో జీపులు తోలుతున్న ఆరుగురిని డెప్యుటేషన్ మీద తెచ్చి రేసు డ్రైవర్లను చేశారు. ఏడో ఉద్యోగం క్రీడల కోటాలో లోహితకు దక్కింది.

ఆమె తండ్రి సుబ్బారాయుడికి ఆటోనగర్‌లో లేతు షెడ్డు ఉంది. కూతురు చిన్నప్పటినుంచీ షెడ్డుకొచ్చిన బండినల్లా తోలుతూ, మద్రాసు దాకా వెళ్లి చిన్నాచితకా పోటీల్లో పాల్గొంటూ ఉంటే ఆయనకు కంటిమీద కునుకుండేది కాదు. ఉద్యోగం ఆర్డరు చేతికొచ్చిన రోజు మాత్రం దాన్ని లామినేషన్ చేయించి షెడ్డులో దేవుడి పటం పక్కన తగిలించాడు.

మెమో సంగతి విని ఆయన ఏమాత్రం కంగారుపడలేదు. "మెమో అంటే ఏందమ్మడూ, పర్మనెంటు అయినోళ్లకే ఇస్తారది. సంజాయిషీ రాసిచ్చెయ్. ఇకమీదట నిదానంగా తోలతానని రాయి."

"రేసు నాన్నా అది. నిదానంగా ఎట్టా తోలేది?"

"బయట రేసులో గెలిస్తేనే ఏదన్నా ఉంటది. ఇక్కడ ఓడిపోయినా డీఏ వస్తది. నీకర్థం కావట్లా."

సంజాయిషీ అందకముందే సవరించిన ఫలితాలు వెలువడ్డాయి. సీనియారిటీ జాబితా ప్రకారం వేమవరపు భుజంగరావు గారు ప్రథమ స్థానం, లోహిత ఏడో స్థానం. భుజంగరావు సర్వే శాఖలో ముప్పై ఏళ్లు జీపు మీద గీత పడకుండా తోలిన మనిషి. రేసు కారు సీటుకు కూడా తెల్ల తువ్వాలు వేసుకునేవాడు. మలుపు వస్తే చెయ్యి బయటపెట్టి చూపించేవాడు. ముల్లు నలభై దాటితే ఆయనకు కళ్లు తిరిగేవి.

ఆయనకు పాపం కప్పు తీసుకోవడం బొత్తిగా ఇష్టంలేదు. లోహిత దగ్గరకొచ్చి నీళ్లు నమిలాడు. "నాదేం లేదు అమ్మాయ్. నేనింకా రెండో రౌండులో ఉండగానే రేసు అయిపోయింది, ఇవాళ పిలిచి చేతిలో పెట్టారు. వద్దంటే రికార్డు చెడిపోతదంట."

"మీరేం చేస్తారు లెండి బాబాయ్ గారూ," అంది లోహిత. ఆయన మీద ఆమెకు కోపం రాలేదు. ఏడుపు మాత్రం వచ్చింది. దానికో కారణముంది.

ఆ రేసు చూడటానికి కోయంబత్తూరు నుంచి రంగసామి నాయుడు అనే ఆయన వచ్చి ఉన్నాడు. అక్కడొక పెద్ద రేసింగ్ జట్టుకు ఆయన మేనేజరు. జాతీయ పోటీలకు కుర్ర డ్రైవర్ల కోసం ఊళ్లు తిరుగుతున్నాడు. తాతల కాలంనాడు అక్కడ స్థిరపడ్డ తెలుగువాళ్ల మాట ఆయనది. "పాపా, బండి శానా బాగా తోలితివి. నేను కండ్లారా చూస్తిని. కానీ మా ఓనరు నా కండ్లను నమ్మడు, రిజల్టు షీటునే నమ్మతాడు. దాంట్లో నువ్వు ఏడో నంబరు. ఫస్టు అని ఒక్క కాగితం తీసుకురా, సీటు నీది. ఈ ఏడు దాటితే మాత్రం నీకు వయసు మించిపోతుంది, ఆపైన నేనూ ఏమీ చేయలేను."

సీనియారిటీ ప్రకారం లోహితకు ప్రథమ స్థానం ఎప్పుడొస్తుందో, ఉద్యోగుల సర్వీసు పుస్తకాలు చూసే స్థాపన విభాగంలో అడిగింది. ముందున్న ఆరుగురూ రిటైరయ్యాక, మధ్యలో ఇంకెవరూ డెప్యుటేషన్ మీద రాకపోతే, ఆమెకు నలభై ఏడో ఏట వచ్చే అవకాశం ఉందన్నారు. సొంత ఇల్లు కట్టుకోవడానికి అది సరైన వయసని కూడా చెప్పారు.

ఆమె తిన్నగా మేనేజింగ్ డైరెక్టరు గదికి వెళ్లింది. ఆకొండి శ్రీధరమూర్తి గారు ఇంతకుముందు మత్స్యశాఖలో పనిచేశారు. వేగం గురించి ఆయనకున్న అవగాహన అంతా చేపలనుంచి వచ్చిందే.

"చూడండమ్మా, గెలవవద్దని మేమెన్నడూ అనలేదు. సంస్థ యొక్క మౌలిక ధ్యేయమే గెలుపు. అయితే దాటివెళ్లడమనేది ఒక పరిపాలనా ప్రక్రియ. దానికి అనుమతి ఉండాలి. దరఖాస్తు పెట్టుకుంటే పరిశీలించకుండా ఉంటామా?"

"ఎవరికి పెట్టుకోవాలి సార్?"

"ఎవరిని దాటదలచుకున్నారో వారికే. సక్రమమైన మార్గంలో. ఆరోవారి ద్వారా అయిదోవారికి, అయిదోవారి ద్వారా నాలుగోవారికి, అలాగ."

"రేసుకు ముందేనా సార్?"

"ముందెలా ఇస్తారమ్మా? దాటవలసిన ఆవశ్యకత అప్పటికి ఉత్పన్నం కాదు కదా. ఉత్పన్నమైన పిమ్మట ఇవ్వాలి."

లోహితకు ఒళ్లు మండింది. అయినా ఒప్పుకుంది. కాగితం కావాలి కాబట్టి ఒప్పుకుంది.

తర్వాతి రేసులో ఆవశ్యకత మొదటి మలుపులోనే ఉత్పన్నమైంది. లోహిత కిటికీలోంచి దరఖాస్తు బయటకు చాపింది. అటెండరు కోటయ్య మోపెడ్ మీద పక్కనే వస్తూ దాన్ని అందుకుని ముందు కారుకు ఇచ్చాడు. ఆరోవారు ఒక చేత్తో స్టీరింగు పట్టుకుని రెండో చేత్తో "పై వారి పరిశీలనార్థము సమర్పించడమైనది" అని రాశారు. అయిదోవారు "చర్చించవలెను" అని రాసి వెనక్కి పంపారు. చర్చించడానికి ఆరోవారు కారు వేగం పెంచబోయి, పెంచితే దాటినట్టవుతుందని భయపడి మళ్లీ తగ్గించారు. మొత్తానికి కాగితం భుజంగరావు దాకా చేరింది. ఆయనకు దగ్గరి చూపు కళ్లద్దాలు లేకుండా ఆనదు. కళ్లద్దాలు సంచీలో ఉన్నాయి, సంచీ ఆఫీసులో ఉంది. ఆయన కారు పక్కకు తీసి ఆపాడు. ఆయన ఆగాక దాటే ధైర్యం ఎవరికుంటుంది? వెనక ఆరు కార్లూ వరసగా ఆగిపోయాయి.

కళ్లద్దాలు వచ్చేలోపు భోజన విరామమైంది. భోజనాలయ్యాక ఎవరో టీ తెప్పించారు. సాయంత్రం వేలిముద్ర వేసి ఇళ్లకు వెళ్లాల్సిన వేళ కావడంతో రేసును మరుసటి పనిదినానికి వాయిదా వేశారు. తెల్లారితే రెండో శనివారం. కార్లమీద టార్పాలిన్లు కప్పి, సెంట్రీని పెట్టి, సోమవారం మిగతా రేసు పూర్తిచేశారు. దరఖాస్తు మీద భుజంగరావు పెద్ద మనసుతో "అభ్యంతరము లేదు" అని రాశాడు గానీ అప్పటికి ఆయన గమ్యం చేరి రెండు గంటలైంది. లోహిత ఏడో స్థానం.

ఆ పై నెల భుజంగరావు మోకాళ్ల నొప్పులని సెలవు పెట్టి రేసుకే రాలేదు. మిగిలిన ఆరుగురూ తోలారు. ప్రథమ స్థానం భుజంగరావు గారికే నోషనల్‌గా, అంటే వచ్చినట్టుగా భావించి, ఇచ్చారు. ఆ కప్పును కోటయ్య ఆయన ఇంటికి తీసుకెళ్లి, మంచం మీద ఉన్నాయనకు ఇచ్చి సంతకం పెట్టించుకున్నాడు.

ఇక్కడ మాత్రం చిన్న చిక్కొచ్చింది. సమీక్షా సమావేశంలో మంత్రిగారు ఫలితాలు చూసి, "రేసుకు రాని మనిషి ఫస్టెట్టా వచ్చాడయ్యా? ఎప్పుడు చూసినా ఈయనే. వార్షిక రేసుకు నేనొస్తున్నా. జనం నవ్వకుండా చూడండి," అన్నారు. ఆ మాటకు శ్రీధరమూర్తి గారు వారం రోజులు నిద్రపోలేదు. జూనియర్లను దాటనిస్తే ఉద్యోగుల సంఘం ఊరుకోదు. దాటనివ్వకపోతే మంత్రిగారు ఊరుకోరు. చివరికి ఇద్దరికీ సరిపోయేలా సర్క్యులరు తయారుచేసి స్వయంగా చదివి వినిపించారు.

"దాటుట స్వతహాగా నేరము కాదు. సీనియరునకు వీపు చూపుటయే నేరము. కావున ఇకమీదట జూనియరు డ్రైవర్లు, సీనియర్లకు తమ వాహనము యొక్క వీపు భాగము కనబడనివ్వకుండునంతవరకు, యథేచ్ఛగా దాటవచ్చును."

సంఘం అధ్యక్షుడు రెండుసార్లు ఆలోచించుకుని చప్పట్లు కొట్టాడు. ముందుకెళ్లిన కారు వీపు వెనకవాడికి కనబడకుండా ఎలా ఉంటుంది? కనబడితే నేరం. అంటే ఎవరూ ఎవర్నీ దాటరు, కానీ నిబంధన మాత్రం దాటనిస్తుంది. శ్రీధరమూర్తి గారు కుర్చీలో వెనక్కి వాలి, మత్స్యశాఖలో ఉండగా కూడా ఇంత చక్కటి సర్క్యులరు రాయలేదన్నారు.

లోహిత ఆ కాగితం పట్టుకుని ఆఫీసు షెడ్డులో కారు ముందు కూర్చుండిపోయింది. ఏడాది చివరికొచ్చింది. రంగసామి నాయుడు ఫోను చేసి, వార్షిక రేసుకు వస్తానని, అదే ఆఖరని చెప్పాడు. ఆమె కాసేపు కారు ముఖం వంక, కాసేపు సర్క్యులరు వంక చూసింది. ఆ తర్వాత లేచి, గేరు పెట్టెలో రివర్సు సరిగ్గా పడుతోందో లేదో చూసుకుంది.

వార్షిక రేసు రోజున షామియానాలు వేశారు. మంత్రిగారు జెండా ఊపారు. ఏడు కార్లూ సీనియారిటీ క్రమంలో బయల్దేరాయి. మొదటి రౌండు అంతా ఊరేగింపులా సాగింది. మంత్రిగారు ఆవలించారు. రెండో రౌండు మొదట్లో ఏడో కారు ట్రాక్ అంచున ఆగి, గిర్రున తిరిగి, వెనక్కి నడవడం మొదలుపెట్టింది.

వెనక్కి అంటే రేసు సాగే వైపే. కారు వీపు ముందుకు, ముఖం వెనక్కి పెట్టి లోహిత రివర్సులో వస్తోంది. ఆటోనగర్ సందుల్లో లారీని తిప్పే చోటుండదు, లోపలికెళ్లిన ప్రతి బండినీ అరకిలోమీటరు రివర్సులోనే బయటకు తేవాలి. ఆ పని ఆమె పదో తరగతి నుంచీ చేస్తోంది. సీనియర్ల నలభైకి ఆమె రివర్సు యాభై ఎంతో హాయిగా సరిపోయింది. ఆరోవారి పక్కగా వచ్చి, దాటి, ఆయన కళ్లలోకి చూస్తూ వినయంగా తల వంచింది. ఆయన అలవాటుగా తనూ తల ఊపేశాడు. అయిదోవారు, నాలుగోవారు, మూడోవారు, రెండోవారు. వెనక వచ్చేవాళ్లను అద్దంలో చూసుకునే అలవాటు వాళ్లకు లేదు గనక ఎవరికీ వీపు కనబడలేదు. అందరికీ నవ్వు ముఖమే కనబడింది.

"ఆపండి దాన్ని," అన్నారు శ్రీధరమూర్తి గారు. ఆపడానికి ఏ నియమం కింద ఆపాలో చెప్పమన్నాడు మైకు పట్టుకున్న సూపరింటెండెంటు. అందరూ కలిసి సర్క్యులరు మళ్లీ చదివారు. చదివిన కొద్దీ లోహితదే ఒప్పవుతోంది. షామియానాలో జనం కుర్చీల మీదికెక్కారు. మంత్రిగారు కూడా లేచి నిలబడ్డారు.

ఆఖరి మలుపులో భుజంగరావు ఒక్కడే మిగిలాడు. లోహిత ఆయన పక్కకొచ్చింది. ఆయన ఒకసారి ఆమె వంక చూసి, మెల్లగా కుడి చెయ్యి బయటపెట్టి, వెళ్లమన్నట్టు ఊపాడు. ముప్పై ఏళ్లుగా రోడ్డు మీద లారీలకు ఊపిన చెయ్యే అది. ఆమె ఆయన్ను దాటి, ఆయనకెదురుగా, నమస్కారం పెట్టడానికి చేతులు ఖాళీలేక కళ్లతోనే దణ్ణం పెడుతూ గీత దాటింది. ఆమెకు ఏడుపూ నవ్వూ రెండూ వచ్చాయి. మొదట నవ్వే వచ్చింది.

ఫలితం రద్దు చెయ్యడం కుదరలేదు. మంత్రిగారు స్వయంగా కప్పు ఇచ్చేశారు. "ఫస్టు" అని రాసిన కాగితం నకలు తీసుకుని రంగసామి నాయుడు, "రివర్సులోనే ఇట్ల తోలితివంటే నేరుగా ఎట్ల తోలుతావో. నెలాఖరులోపు రిలీవై వచ్చేయ్ పాపా, వచ్చే నెల మొదటి రేసు," అని రైలెక్కాడు.

లోహిత గండం గడిచిందనుకుంది. అయితే మర్నాడే ఉత్తర్వు వచ్చింది. "ఫలితము సీనియారిటీకి అనుగుణముగా ఉండవలెనను నియమము కలదు. ఫలితమును సవరించుట సాధ్యము కానందున, సీనియారిటీనే ఫలితమునకు అనుగుణముగా సవరించడమైనది. శ్రీమతి/కుమారి గుడిసేవ లోహిత ఇకమీదట అత్యంత సీనియరు డ్రైవరు."

ఆమెకు గది ఇచ్చారు, బల్లమీద గంట ఇచ్చారు, కుర్చీకి తెల్ల తువ్వాలు వేశారు. సుబ్బారాయుడు ఆనందం పట్టలేక పాత లామినేషన్ తీసేసి కొత్తది తగిలించాడు. ఆ వారం రేసులో ఆమె ముందు, మిగిలిన ఆరుగురూ వెనక. రెండు వందల వేగంతో వెళ్లి అద్దంలో చూసుకుంటే వెనక ఎవరూ లేరు. విసుగొచ్చి కారు ఆపింది. కాసేపటికి ఆరు కార్లూ వచ్చి, మర్యాదగా పది గజాల దూరంలో ఆగాయి. ఆమె దిగి మంచినీళ్లు తాగింది. వాళ్లూ దిగి తాగారు. ఇలాగే నలభై ఏడేళ్లు వచ్చేదాకా, ఆ పైన రిటైరయ్యేదాకా గెలుస్తూనే ఉండాలని తలచుకుని ఆమె హడలిపోయింది.

రాజీనామా తీసుకుని శ్రీధరమూర్తి గారి గదికి పరుగెత్తింది. ఆయన దాన్ని తాకను కూడా తాకలేదు.

"సంస్థకు ప్రథమ స్థానం తెచ్చిన వ్యక్తిని వదులుకుంటే మంత్రిగారికి నేనేం సమాధానం చెప్పుకోవాలి?"

"సార్, నెలాఖరులోపు వెళ్లకపోతే నా సీటు పోతుంది. మీరొక్క సంతకం పెడితే చాలు."

"అది నా పరిధిలోని అంశం కాదమ్మా," అన్నారాయన, పాతికేళ్ల సర్వీసులో ఎన్ని వేలసార్లు అన్నారో ఆ మాటే. "డ్రైవర్లను రిలీవ్ చేసే అధికారం పూర్తిగా అత్యంత సీనియరు డ్రైవరుకు దఖలు పడి ఉంది. వారు ఒప్పుకుంటే నాకేమీ అభ్యంతరం లేదు. వెళ్లి వారినడగండి."

పక్కన మినిట్స్ రాస్తున్న సూపరింటెండెంటు దగ్గాడు. శ్రీధరమూర్తి గారి ముఖంలో రంగు మారింది గానీ, అన్న మాట అప్పటికే మినిట్స్ పుస్తకంలో ఎక్కిపోయింది.

"చిత్తం సార్. వారినే అడుగుతాను," అంది లోహిత.

ఆమె పద్ధతి తప్పలేదు. ముందు తన గది బయట బల్లమీద కాసేపు కూర్చుంది. కోటయ్య లోపలికెళ్లి, ఎవరూ లేని గదిలో గంట కొట్టి, బయటకొచ్చి "మేడం గారు రమ్మంటన్నారు" అన్నాడు. లోపలికెళ్లి దరఖాస్తు బల్లమీద పెట్టి, బల్ల చుట్టూ తిరిగి వచ్చి కుర్చీలో కూర్చుని, దాన్ని ఆమూలాగ్రం చదివింది. "దరఖాస్తుదారు ప్రవర్తన సంతృప్తికరము. వెంటనే రిలీవ్ చేయడమైనది" అని రాసి సంతకం పెట్టింది. గుమ్మం దగ్గర నిలబడి చూస్తున్న భుజంగరావు, "ఒక్కసారికే ఒప్పుకున్నారే, మంచి ఆఫీసరు," అన్నాడు. ఆయన కళ్లు చెమర్చాయి.

కోయంబత్తూరులో మొదటి రేసు. పాతిక కార్లు, చెవులు పగిలే మోత. లోహిత నాలుగో స్థానంలో పోతోంది. మూడో రౌండులో ఎర్ర కారొకటి ఎడమపక్క సందులోంచి దూసుకొచ్చి, దరఖాస్తు పెట్టకుండా, చెయ్యి ఊపకుండా, కనీసం తల తిప్పి చూడకుండా ఆమెను దాటేసి, వీపు చూపిస్తూ వెళ్లిపోయింది. తోలుతున్నది పంతొమ్మిదేళ్ల పిల్ల. ఆ ట్రాక్‌లో అందరికంటే జూనియరు.

లోహితకు ఒక్క క్షణం ఏమైందో అర్థం కాలేదు. ఉద్యోగంలో చేరిన దగ్గర్నుంచి ఆమెను ఎవరూ దాటలేదు. ఏడో స్థానంలో ఉన్నప్పుడు వెనక దాటడానికి ఎవరూ లేరు, మొదటి స్థానంలో ఉన్నప్పుడు దాటే ధైర్యం ఎవరికీ లేదు. తనను దాటి పోవడమంటే ఇదన్నమాట. సంతోషంతో హెల్మెట్‌లోనే గట్టిగా నవ్వేసి, ఆ ఎర్ర వీపు వెనక పడింది.

సాయంత్రం తండ్రి ఫోను చేశాడు.

"ఎన్నో నంబరు అమ్మడూ?"

"ఎనిమిది నాన్నా."

"మరి నిన్ను దాటినోళ్లంతా సీనియర్లేనా?"

"కాదు. ఒకమ్మాయి నాకంటే మూడేళ్లు చిన్న."

కూతురికి అంత అన్యాయం జరుగుతుందని ఆయన ఊహించలేదు.

"మరి దానికి మెమో ఇచ్చారా?" అన్నాడు సుబ్బారాయుడు.

"కప్పిచ్చారు నాన్నా," అంది లోహిత.